ఆకు దూసిన చేతి వాసన

కనుమ వెళ్ళిన మూడోనాడు పొద్దున్నే బాల్కనీలో పీట వేసుకుని కూర్చుని, కుండీలో మల్లెమొక్కకి ఆకు దూశాను. ఉన్నది ఒక్క మొక్క. అరగంట కూడా పట్టలేదు. పని అయ్యాక నుదుటి మీద పడిన జుట్టు వెనక్కి తోసుకుందామని చెయ్యి ముఖం దగ్గరికి తెచ్చి, అక్కడే ఆగిపోయాను.

మల్లెపువ్వు వాసన అందరికీ తెలుసు. మల్లె ఆకు వాసన తెలిసినవాళ్ళు తక్కువ. అది కమ్మగా ఉండదు. పచ్చిగా, కాస్త చేదుగా, తడిమట్టి కలిసినట్టు ఉంటుంది. గోళ్ళ సందుల్లో పసరు నల్లగా దిగితే రెండు రోజులు పోదు. మా మామ్మ చేతులు సంక్రాంతి వెళ్ళిన వారం రోజులూ అదే వాసన వేసేవి. అన్నం కలిపి ముద్ద పెట్టినా, తలకి నూనె రాసినా, ఒళ్ళు వెచ్చబడిందేమోనని నుదుటి మీద చెయ్యి వేసినా అదే వాసన. ఆవిడ పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ పొద్దున్న నా చేతికి ఆవిడ చేతి వాసన వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి కూడా మర్చిపోయి అలాగే కూర్చుండిపోయాను.

* * *

మా ఇల్లు విశాఖలో, పెదవాల్తేరులో ఉండేది. కరకచెట్టు పోలమాంబ గుడికి నడిచి వెళ్ళేంత దూరం. పెంకుటిల్లు చిన్నదే గానీ చుట్టూ జాగా బాగా ఉండేది. ముందు వాకిలి, వెనక పెరడు, పెరట్లో నుయ్యి, నూతి పక్కన సిమెంటు గాబు, దాని పక్కన బట్టలుతికే బండ. సముద్రం మా ఇంటికి కనిపించేది కాదు, వినిపించేది. రాత్రి ఊరు సద్దుమణిగాక కెరటాల హోరు మంచం దాకా వచ్చేది. పక్కింటివాళ్ళ డాబా ఎక్కితే డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ వెలుగు తిరుగుతూ కనిపించేది.

తాతగారు పోయాక మామ్మ విజయనగరం అవతల పల్లె నుంచి మా ఇంటికి వచ్చేసింది. ఒక రేకు ట్రంకుపెట్టె, ఒక ఇత్తడి చెంబు, తడి నూలుగుడ్డలో చుట్టిన మల్లె కొమ్మలు. ఆవిడ సామానంతా అంతే. బస్సు దిగి ఇంటికి రాగానే, కాళ్ళు కడుక్కోకుండానే పెరట్లోకి వెళ్ళి ఆ కొమ్మలు గుచ్చిందని అమ్మ చెప్పేది. అప్పటికి నేనింకా పుట్టలేదు.

సముద్రం పక్కన తోట పెంచడం పల్లెలో పెంచినట్టు కాదని ఆవిడకి మొదటి వేసవిలోనే తెలిసిందట. అక్కడి గాలిలో ఉప్పుంటుంది. లేత ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడిపోతాయి. మరుసటి ఏడు తూర్పు గోడ వారన కాగితాల పూలు, గన్నేరు, దేవగన్నేరు వరసగా వేయించింది. ఉప్పుగాలికి అవి ఓర్చుకుంటాయి. "ముందు గాలిని ఆపే మొక్కలు. ఆ తర్వాతే మనం ముచ్చటపడే మొక్కలు" అనేది. వాటి చాటున మల్లె, కనకాంబరం, గులాబీ, చామంతి. అయినా ఎండాకాలం సాయంత్రాలు ఆకుల మీద నీళ్ళు చల్లి ఉప్పు కడిగేయాల్సిందే. ఆ పని నాది. "ఒసే అమ్మలూ, మొక్కలకి ముఖం కడిగి రావే" అని మామ్మ కేకేసేది. ఇత్తడి చెంబుతో గాబులో నీళ్ళు ముంచుకుని, వేళ్ళతో చిలకరిస్తూ ఒక్కో మొక్కకీ ముఖం కడిగేదాన్ని. నాకు అప్పుడు ఆరేళ్ళో ఏడేళ్ళో. మందారానికి ముఖం ఎక్కడుందా అని నిజంగానే వెతికేదాన్ని.

* * *

మల్లెకి ఆకు దూయడం మా ఇంట్లో పండగ తర్వాత పండగ. ధనుర్మాసం సగం అయ్యేసరికే మామ్మ మల్లెలకి నీళ్ళు మానిపించేది. ఎవరైనా పొరపాటున చెంబెడు పోశారో, ఆ రోజంతా నసుగుతూనే ఉండేది. కనుమ దాటాక మంచిరోజు చూసుకుని, కత్తెర పెట్టి కొమ్మల్ని మోకాలెత్తుకి కత్తిరించేది. తర్వాత పీట వేసుకుని మొక్క ముందు కూర్చునేది.

దూయడం అనే మాటే గానీ, ఆవిడ ఆకుని దూసేది కాదు, గిల్లేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించేది. ఆకు తొడిమ కొమ్మని పట్టుకున్న చోట, సందులో, ఆవగింజకంటే చిన్నగా ఆకుపచ్చటి బొడిపె ఒకటి ఉంటుంది. దాన్ని కన్ను అనేది మామ్మ. "ఆకు లాగితే తోలు ఊడొస్తుంది, తోలుతో పాటు కన్ను పోతుంది. కన్ను పోతే పువ్వు పోయినట్టే. గోరు ఇక్కడ పెట్టు. ఊఁ, ఇప్పుడు నొక్కు." టక్కుమని సన్న చప్పుడు. ఆకు నా చేతిలో, కన్ను కొమ్మ మీద. నేను గిల్లిన ప్రతి ఆకునీ ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసేది. పది ఆకులు కన్ను పోకుండా గిల్లితే ఒక బెల్లంముక్క.

అదే వేళకి జాలారిపేట నుంచి చేపలమ్మే ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. నాన్నకి చేప లేకపోతే ముద్ద దిగదు. మామ్మ ముట్టేది కాదు గానీ ఆవిడంటే ఇష్టం. ఆవిడ గేటు దగ్గరే గంప దించి, మొక్కని చూసి బుగ్గ నొక్కుకునేది.

"ఏటండీ మామ్మగారూ, మొక్కకి బోడిగుండు కొట్టించేసినారు?"

"సింహాచలం మొక్కు తల్లీ. అప్పన్నకి తలనీలాలు ఇచ్చేశాం. పూలివ్వడం ఇక ఆయన వంతు."

ఏటేటా ఇదే మాట, ఇదే జవాబు, ఏటేటా ఇద్దరూ అప్పుడే మొదటిసారి అన్నట్టు నవ్వుకునేవారు. చేపలావిడ మర్నాడు గంప అడుగున ఆకులో కట్టి రొయ్యపొట్టు తెచ్చేది. అది గులాబీలకి. జానెడు లోతు గొయ్యి తీసి పొట్టు వేసి, మట్టి కప్పి, పైన రేగుకంప పెట్టేది మామ్మ, పిల్లులు తవ్వకుండా. రొయ్యపొట్టు తిన్న గులాబీకి ఎంత మెరుపు వస్తుందో చూస్తేనే తెలుస్తుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొన్న ఎరువుల ప్యాకెట్లు ఎన్ని వాడినా నాకు ఆ మెరుపు రాలేదు.

ఆకు దూశాక బొరిగెతో మొదట్లో మట్టి తీసి, వేళ్ళకి నాలుగు రోజులు ఎండ తగలనిచ్చేది. అయిదోనాడు మాగిన పేడ ఎరువు, నానబెట్టిన వేరుశెనగ చెక్క, కాస్త బూడిద వేసి పాదు కట్టి, అప్పుడు నీళ్ళు. అన్నాళ్ళు దాహంతో ఉన్న మట్టి ఆ మొదటి బిందె నీళ్ళు తాగే చప్పుడు, బుడబుడమని, నా చెవుల్లో ఇంకా ఉంది. "చూశావా, ఎలా తాగుతోందో పసిపిల్లలా" అనేది.

రెండు వారాలకి ఎర్రటి చిగురు. శివరాత్రి దాటాక చిగురు కొసన బియ్యపు గింజంత మొగ్గ. ఆ మొగ్గల్ని లెక్కపెట్టడం నాకు పిచ్చి. కానీ వేలు చూపించి లెక్కపెట్టకూడదు. వేలు చూపిస్తే కందిపోతాయిట. వేలు మడిచి, కణుపుతో చూపిస్తూ లెక్కపెట్టేదాన్ని. ఇప్పటికీ లేత పిందెనో మొగ్గనో చూస్తే నా వేలు దానంతట అదే మడుచుకుంటుంది.

* * *

వేసవి అంటే మల్లెలే కాదు, నీళ్ళ కటకట కూడా. తాటిపూడి నుంచి వచ్చే కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ తెల్లవారకముందు. కొళాయి ముందు బుస్సుమని గాలి వదిలేది. ఆ చప్పుడుకి వీధి వీధంతా లేచేది. ఆ నీళ్ళు తాగడానికీ వంటకీ. మొక్కలకి నూతి నీళ్ళే, నుయ్యి కూడా ఏప్రిల్ వచ్చేసరికి అడుగంటేది. చేద వేస్తే గిలక కిర్రుమని ఎంతసేపు తిరిగేదో, అడుగున రాయికి బొక్కెన తగిలిన చప్పుడు వినిపించేది.

ఆ రోజుల్లో మా ఇంట్లో నీటిబొట్టు నేల మీద వృథాగా పడలేదు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపకి, పప్పు కడిగినవి కనకాంబరానికి. నాన్న స్నానానికి రోజుకో చోటు. ఇవాళ మందారం పాదులో పీట, రేపు నందివర్ధనం పాదులో. పోర్టులో డ్యూటీకి టైమవుతోందని ఆయన ఎంత తొందరలో ఉన్నా, "నాన్నా, ఇవాళ నిమ్మచెట్టు దగ్గర" అని మామ్మ అంటే తువ్వాలు భుజాన వేసుకుని నిమ్మచెట్టు దగ్గరికే వెళ్ళేవారు.

సాయంత్రం నాలుగున్నరకి మొగ్గ కోయాలి. అంతకు ముందు కోస్తే గట్టి మొగ్గ, విచ్చుకోదు. ఆలస్యమైతే విచ్చుకుపోయి దండలో నిలవదు. తెల్లబడి, కొస ఇంకా ముడుచుకుని ఉన్నదే మొగ్గ. కోసిన మొగ్గల్ని తడిగుడ్డ మీద పోసి, అరుగు మీద కూర్చుని మామ్మ దండ కట్టేది. అరటినార ముందే నానబెట్టి, గోటితో సన్నగా చీల్చి ఉంచేది. నార ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుని, రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, మీదుగా నార తిప్పి ముడి. సర్రుమని నార, మళ్ళీ రెండు ఇటు, రెండు అటు. వీధిలో వెళ్ళేవాళ్ళతో మాట్లాడుతూనే కట్టేది, చేతుల వైపు చూసేది కాదు. చీకటి పడుతుండగా అరుగు మీదే మొగ్గలు ఒక్కొక్కటీ విచ్చుకునేవి. వాసన మొదట సన్నగా, ఆ తర్వాత ఒక్కసారిగా.

దండ మూరలుగా కొలిచి తుంచేది. దేవుడికి ఒకటి, అమ్మకి ఒకటి, నాకూ అప్పకీ (మా అక్కని అలా పిలిచేదాన్ని) చెరొకటి, పక్కింటి పెద్దమ్మకి, ఎదురింట్లో కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయికి, మర్నాడు చేపలావిడకి తడిగుడ్డలో దాచి ఒకటి, మా స్కూల్లో టీచరుగారికి ఒకటి. నా మూర నా చేత్తో కొలిస్తే చిన్నదై పోతుందని ఏడిస్తే, నాకూ తన చేత్తోనే కొలిచేది. ఒక్క పైసాకి అమ్మింది లేదు. పూలమ్మి బుట్టతో వీధిలోకి వస్తే, "మా వీధిలో నీకు బేరం ఉండదమ్మా" అని ఆవిడకీ ఓ మూర చేతిలో పెట్టి పంపించేది.

ఇంతమందికి ఇచ్చే మనిషి తలలో ఒక్క పువ్వు ఉండేది కాదు. నాకది చాలా ఏళ్ళు తట్టనే లేదు. తట్టిన రోజు అడిగేశాను.

"మామ్మా, నువ్వు పెట్టుకోవా?"

"నాకెందుకే, నా చేతులకి ఉందిగా వాసన" అంది.

రాత్రి పడుకునేముందు తన మంచం పక్కన చిన్న మట్టికుండలో నాలుగు విచ్చిన మల్లెలు వేసుకునేది. అర్ధరాత్రి లేచి ఆ నీళ్ళు గ్లాసులో పోసుకుని, తాగేముందు కాసేపు గ్లాసు ముఖం దగ్గర పట్టుకుని కూర్చునేది. పక్కలో పడుకున్న నేను కళ్ళు సగం తెరిచి చూసేదాన్ని. నీళ్ళు చల్లగా ఉండడానికి అలా పూలు వేస్తారని అనుకునేదాన్ని. నాకు పెళ్ళయిన తర్వాత ఎప్పుడో అమ్మ చెప్పింది, అదొక్కటే ఆవిడ తనకోసం అట్టేపెట్టుకున్న పూల వాటా అని.

అప్పకి ఆ వేసవుల్లోనే ఒకసారి పూలజడ వేశారు. రెండు రోజుల మొగ్గలు దాచారు. జడ కుట్టడానికి ముగ్గురు ఆడవాళ్ళు పగలంతా కూర్చున్నారు. తర్వాత జగదాంబ దగ్గర స్టూడియోలో, జడ కనిపించేలా వెనక అద్దం పెట్టి ఫొటో. ఆ ఫొటో ఇప్పుడు అప్ప దగ్గర ఉంది. రంగు వెలిసింది. అయినా జడ మీద ఒక్కో మొగ్గా లెక్కపెట్టొచ్చు.

* * *

తొలకరి పడగానే పెరటి చప్పుళ్ళు మారిపోయేవి. కనకాంబరం వెన్నులు ఎండి గోధుమరంగులోకి తిరిగి ఉండేవి. మొదటి జల్లు పడిందంటే చాలు, తడి తగిలిన కాయలు టప్ టప్‌మని పేలేవి. గింజలు ఎగిరొచ్చి చెంపలకి తగిలేవి. వానలో తడుస్తూ ఆ పేలుళ్ళు వింటూ నేనూ అప్పా కనకాంబరాల మధ్య నిలబడేవాళ్ళం. ఎక్కడ గింజ పడితే అక్కడ మొలక. వారం తిరక్కుండా మామ్మ ఆ మొలకల్ని మట్టితో సహా తీసి వరసలో పెట్టించేది.

నిరుడు దసరా దండలో ఎండబెట్టి దాచిన బంతిరెక్కలు పాతగుడ్డ మూటలోంచి బయటికొచ్చేవి. ఆషాఢంలో నారు పోసి, జానెడు ఎదిగాక తల తుంచాలి. తల తుంచితే నాలుగు పక్కలకీ కొమ్మలేస్తుంది. చిన్నప్పుడు ఆ పని చేయడానికి నా మనసొప్పేది కాదు. ఎదుగుతున్న మొక్క తల తుంచడం పాపమనిపించేది. మామ్మ తుంచుతుంటే అటు తిరిగి నిలబడేదాన్ని.

పారిజాతం గురించి ఎంతైనా రాయొచ్చు. నేల మీద పడిన పువ్వు దేవుడికి పనికొచ్చేది అదొక్కటే. భాద్రపదం నుంచి చెట్టుకింద రాత్రిపూట పాత దుప్పటి పరిచి ఉంచేవాళ్ళం. తెల్లవారుజామున దుప్పటి నాలుగు కొసలూ పట్టి ఎత్తితే, తడిసిన తెల్లటి పూలన్నీ మధ్యకి జారేవి. నారింజ రంగు కాడలు దుప్పటి మీద వేసిన మరకలు ఎన్ని ఉతుకులకీ పోయేవి కావు.

సంపెంగ మాత్రం మా పెరట్లో రాలేదు. కడియం నుంచి వచ్చిన మొక్కలబండి దగ్గర రెండుసార్లు కొని వేశాం. రెండుసార్లూ నిలువెత్తు ఎదిగి, పుయ్యకుండానే గాలికి మాడిపోయాయి. "అది అప్పన్న పువ్వు. కొండ మీదే పూస్తుంది" అని మామ్మ తీర్పు చెప్పేసింది. సింహాచలం వెళ్ళినప్పుడు మెట్ల దగ్గర ఆకుపొట్లంలో సంపెంగలు కొనుక్కుని, ఇంటికొచ్చేదాకా ఆ పొట్లం విప్పకుండా ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని.

* * *

చామంతి కథ వేరే చెప్పాలి. చామంతి పూత అయిపోయాక మొక్కని మొదలంటా కోసేస్తే పక్కనుంచి పిలకలొస్తాయి. వాటిని విడదీసి వేసవంతా నీడలో కాపాడి, వానలు పడ్డాక నాటితే కార్తీకం మార్గశిరాలకి పూలు. మామ్మ ఇరవై కుండీలు వాకిట్లో ప్రహరీగోడ వెంట వరసగా పెట్టేది.

ఒక ఏడు మా వీధిలో కొత్తగా ట్యూబులైటు వేశారు. సరిగ్గా మా గేటు పక్క స్తంభానికి. పిల్లలందరికీ సంబరం, రాత్రిళ్ళు కూడా ఆడుకోవచ్చని. ఆ ఏడు కార్తీకం వచ్చింది, పెరటివైపు కుండీలు పసుపుపచ్చగా పూశాయి. స్తంభం కింద ఉన్న ఆరేడు కుండీలు మాత్రం గుబురుగా పచ్చగా ఎదుగుతూనే ఉన్నాయి, మొగ్గ జాడ లేదు. అదే నారు, అదే మట్టి, అదే నీళ్ళు. పక్కింటి పెద్దమ్మ దిష్టి తగిలిందంది. మామ్మ రెండు రాత్రులు అరుగు మీద కూర్చుని ఆ కుండీల వైపే చూసింది. మూడోరోజు పొద్దున్న లేచి అంది: "వీటికి నిద్ర లేదే. రాత్రంతా దీపం పెట్టి కూర్చోబెడితే ఏ పిల్లకి ఒంటపడుతుంది?"

కుండీలన్నీ పెరట్లోకి మోయించింది. మార్గశిరం చివర్లో అవీ పూశాయి. నేను ఇంటర్‌లో బోటనీ చదివేటప్పుడు, రాత్రి నిడివి పెరిగితేనే మొగ్గతొడిగే మొక్కలుంటాయనీ, చామంతి వాటిల్లో ఒకటనీ, రాత్రి మధ్యలో వెలుగు పడితే ఆ లెక్క చెడిపోతుందనీ మేడమ్ చెప్పారు. బెంచీ మీద కూర్చున్నదాన్ని లేచి నిలబడి, మా మామ్మకి ఇది ముందే తెలుసని చెప్పేశాను. మేడమ్ ఆ కథంతా చెప్పించుకుని విన్నారు. సాయంత్రం ఇంటికి పరిగెత్తుకొచ్చి మామ్మకి చెబితే, "నిద్ర అందరికీ కావాలని పుస్తకంలో కూడా రాశారా" అని సంతోషపడింది.

ఆ చామంతులన్నీ మార్గశిర లక్ష్మివారాలకే. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి మామ్మ ఆ నెలలో ఒక్క గురువారం కూడా మానేది కాదు. తెల్లవారకముందే సజ్జ నిండా చామంతులు, మధ్యలో ఊదారంగు డిసెంబరాలు పెట్టుకుని, నన్ను వెంటేసుకుని బయల్దేరేది. అమ్మవారికి అక్కడ పైకప్పు లేదు. ఆకాశం కిందే ఉంటుంది. ఎవరి పసుపు కుంకుమ వాళ్ళే వేస్తారు, ఎవరి పూలు వాళ్ళే పెడతారు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో మామ్మ తనంతట తనే వెనక వరసకి తప్పుకునేది, గోడకి ఆనుకుని నిలబడేది. బురుజుపేటలో మాత్రం జనంలోంచి తోసుకుంటూ ముందుకెళ్ళి, వంగి, తన రెండు చేతులతో అమ్మవారి భుజాల మీద పూలు సర్దేది. ఒక్కో పువ్వూ ముఖం పైకి ఉండేలా. వెనకనుంచి ఎంతమంది తొందరపెట్టినా కదిలేది కాదు. ఆ గుళ్ళో ఆవిడ వీపు చూస్తూ నిలబడిన పొద్దులు నాకు ఇప్పటికీ అలాగే కనిపిస్తాయి, తడి జుట్టు ముడి, చలికి కప్పుకున్న కొంగు.

* * *

మామ్మ ఒక శ్రావణంలో, నిద్రలోనే పోయింది. తోట అమ్మ చేతికొచ్చింది. అంతదాకా అమ్మకి తోటపని పెద్దగా పట్టేది కాదు, వంటింటి పనితోనే సరిపోయేది. మొదటి సంక్రాంతికి ఆకు దూయాలని ఎవరూ గుర్తుచేయలేదు. అమ్మే పీట వేసుకుని కూర్చుంది. నేను పెళ్ళై వేరే ఊళ్ళో ఉన్నాను. ఫోన్‌లో చెప్పింది: "అత్తయ్యగారు గోరు ఎక్కడ పెట్టేవారో గుర్తుకు రాక కాసేపు ఏడ్చానే. తర్వాత చెయ్యి పెడితే అదే వచ్చేసింది."

తర్వాత నాన్న పోయారు. అమ్మ తలలో పూలు మానేసింది. మానెయ్యమని ఎవరూ అనలేదు. పెట్టుకోమని కూడా ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. అదొక పిట్ట పేరట. అప్పటికి మేం విశాఖ వచ్చేసి మధురవాడలో ఉంటున్నాం. తుపాను అంటున్నారని ముందురోజే అమ్మ దగ్గరికి వెళ్ళాను. గంటకి 180 కిలోమీటర్ల గాలి అని టీవీలో చెప్పారు. కరెంటు పోయాక ఆ అంకె మాకు చెవులతో తెలిసింది. పెంకులు పళ్ళెంలో చిల్లర కదిలినట్టు కదిలాయి, తర్వాత ఎగిరిపోయాయి. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగింది. ఆకు కదల్లేదు. అమ్మ తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. తుపాను కన్ను మన మీద ఉంది, ఇంకా అయిపోలేదని నేను అరుస్తూనే ఉన్నాను. పారిజాతం వేళ్ళతో సహా పడిపోయి ఉంది. అమ్మ దాని మొదట్లో చెయ్యి వేసి నిమిరింది, అంతే, లోపలికి వచ్చేసింది. మళ్ళీ గాలి మొదలైంది, ఈసారి అవతలివైపు నుంచి.

మర్నాడు చూస్తే ఊరే మారిపోయింది. కైలాసగిరి గుండు కొట్టించుకున్నట్టు ఉంది. పడగా మిగిలిన చెట్లకి ఆకుల్లేవు, ఉన్న నాలుగాకులూ ఉప్పుకి మాడి నల్లబడ్డాయి. మా మునగ, నిమ్మ, దేవగన్నేరు పోయాయి. మల్లె మాత్రం నిలబడి ఉంది, ఒక్క ఆకు లేకుండా, కొమ్మల కొసలు విరిగి. పాలకీ నీళ్ళకీ లైన్లలో నిలబడిన ఆ పది రోజుల టెన్షన్‌లో ఎవరం దాని వైపు చూడలేదు. తాగడానికే ట్యాంకరు నీళ్ళయితే మొక్కకెక్కడివి?

కార్తీకం సగంలో వెళ్ళేసరికి అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది. మల్లె నిండా ఎర్రటి చిగురు. చిగురు చిగురుకీ మొగ్గ. చలికాలంలో మల్లెమొగ్గ మా ఇంట్లో అదే మొదటిసారి.

"గాలే ఆకు దూసిందే" అంది అమ్మ. ఆవిడ గొంతు అదోలా ఉంది. "కన్ను మాత్రం పోనివ్వలేదు."

వేలు మడిచి లెక్కపెట్టాను. నలభై రెండు.

అవి కోతకొచ్చేసరికి మార్గశిరం వచ్చింది. లక్ష్మివారం నాడు అమ్మా నేనూ బురుజుపేట వెళ్ళాం. ముందురోజు సాయంత్రం అమ్మ అరుగు మీద కూర్చుని అరటినారతో కట్టిన దండ, మూరకి కాస్త ఎక్కువ. సగం తుంచి అమ్మవారికి తన చేత్తో పెట్టింది. మిగతా సగం ఆకులో చుట్టి నా చేతికిచ్చింది, పెట్టుకోమని. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, ఏమీ అనకుండా, ఆ దండ తీసి అమ్మ ముడిలో గుచ్చాను. అమ్మ చెయ్యి పైకి లేచింది. తీసేస్తుందనుకున్నాను. ముడిలోంచి జారిపోతున్న కొసని వేళ్ళతో తడుముకుని, లోపలికి దోపుకుంది. తర్వాత చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బీచిరోడ్డు వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చుంది.

* * *

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ జాగాలో అపార్టుమెంటు వచ్చింది. నుయ్యి పూడ్చేసిన చోట కార్లు పెడుతున్నారు. ఒకసారి అటు వెళ్ళినప్పుడు గేటు బయట నిలబడి, తూర్పు గోడ ఎక్కడిదాకా ఉండేదో చూపుతో కొలుచుకుని వచ్చేశాను. అమ్మ చివరి నాలుగేళ్ళూ నా దగ్గరే ఉంది. వచ్చేటప్పుడు మల్లె కొమ్మలు తెచ్చింది, తడి నూలుగుడ్డలో చుట్టి. ఆ కొమ్మల్లో ఒకటే నా బాల్కనీలో ఉన్న ఈ మొక్క. అమ్మ పోయి మూడేళ్ళు.

మొన్న ఆకు దూసి, గిల్లిన ఆకులూ కత్తిరించిన కొమ్మలూ చేటలో పోసి పక్కన పెట్టుకుని ఉన్నాను. మెట్లు తుడిచే అమ్మాయి చీపురు పట్టుకుని వచ్చింది.

"ఏటమ్మా, మొక్క సచ్చిపోనాదేటి? తీసి పారేసీమంటారా?"

"అయ్యో, చావలేదమ్మా. సింహాచలం మొక్కు తీర్చాను. శివరాత్రి వెళ్ళాక రా, మొగ్గలు చూద్దువుగాని."

నవ్వింది. చేట దగ్గర గొంతుక్కూర్చుని, కొమ్మలు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవి పెడితే బతుకుతాయేటమ్మా? మా ఇంటికాడ కాసింత జాగా ఉన్నాది" అని అడిగింది. ఇల్లెక్కడని అడిగితే భీమిలి రోడ్డు మీద, సముద్రం వైపు అంది.

పాత నూలుచీర ముక్క ఒకటి చింపి, తడిపి, నాలుగు మంచి కొమ్మలు ఏరి, కణుపుల దగ్గర కళ్ళు నలగకుండా చుట్టి చేతిలో పెట్టాను.

"ముందు తూర్పువైపు గన్నేరు వెయ్యి" అన్నాను. "గాలి ఆగాలి."